జాకరమెట్టలో రెండిళ్లు

శిష్యులు ఏదైనా అడిగితే కూర్చున్నచోటే జవాబు చెప్పడం పూర్ణానందం గారికి అలవాటు లేదు. నలభై ఏళ్లు పసిపిల్లల వైద్యం చేసి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఏజెన్సీ కొండల అంచున చిన్న శిక్షణ కేంద్రం పెట్టుకున్నారాయన. ప్రశ్న పూర్తిగా విని, చెప్పులు వేసుకుని, చూసొద్దాం పదమనేవారు.

ఆయన దగ్గర చేరిన యువ డాక్టర్లలో వారిజకు అంకెలంటే మక్కువ. కరోనా వచ్చిన మరుసటి ఏడు ఆమె రిజిస్టర్లన్నీ తిరగేసి, పదకొండు గూడేల్లో ఏడాది నిండకుండా పోయిన బిడ్డల వివరాలు సంవత్సరాలవారీగా రాసుకుంది. ఏటా పద్నాలుగు, పదిహేను మంది పోయేచోట మహమ్మారి ఏడు ఆరుగురే పోయారు. నమ్మకం చాలక రెండుసార్లు సరిచూసింది. అంకె మారలేదు. ఆ ఏడు బస్సులు లేవు, టీకాలు ఆగిపోయాయి, కొండ కింద ఆసుపత్రిలో సగం గదులకు తాళాలు. పెరగవలసింది తగ్గడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

"మాస్టారూ, అంత చెడ్డకాలంలో పసివాళ్లు ఎందుకు తక్కువ పోయారు?" అని అడిగింది.

ఆయన కాగితం చూసి తిరిగిచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆమెను జీపు ఎక్కించి జాకరమెట్ట గూడేనికి తీసుకెళ్లారు. ఆ గూడెం రిజిస్టరు రాసే నర్సు పాంగి దేవమ్మ దారిలో వాళ్లను కలిసింది.

మొదటి ఇల్లు సోనాయిది. ఏడాదిన్నర కొడుకు గుమ్మం పట్టుకుని నిలబడి, కొత్తవాళ్లను వింతగా చూస్తున్నాడు. అంతకుముందు ఆమెకు ఇద్దరు పుట్టారు. ఇద్దరికీ నెల తిరక్కుండానే దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. ఒకరు దక్కలేదు. బిడ్డ పుట్టిందంటే ఏడు గూడేల చుట్టాలు వచ్చిపడతారని, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారుస్తూ ముద్దులాడతారని, చలికి పక్కనే కూర్చుని చుట్టలు కాలుస్తారని దేవమ్మ చెప్పింది. మూడోవాడు పుట్టినప్పుడు మాత్రం కరోనా అని దారులన్నిటికీ గేట్లు పెట్టి మూసేశారు.

"ఎవరూ రాలేదని అప్పుడు ఏడ్చానమ్మా. వీడికి జలుబైనా చెయ్యలేదు" అంది సోనాయి.

వారిజ ముఖం విప్పారింది. వెతుకుతున్నది దొరికినట్టే అనిపించి, గబగబా రాసుకుని జీపు వైపు తిరిగింది. మాస్టారు మాత్రం అప్పటికే పై ఇంటి మెట్టు ఎక్కుతున్నారు.

ఆ ఇంట్లో చిలకమ్మ చేటలో రాజ్మా కాయలు ఒలుస్తోంది. వారిజ ఆ ఏటి సంగతి అడగగానే ఆమె చేతులు ఆగాయి. దారి మూసిన నెలలోనే ఇంట్లో కాన్పయింది. పద్దెనిమిదో రోజున బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే మొగుడూ పెళ్లాలు ఎత్తుకుని కొండ దిగారు. కొండ కింద గేటు దగ్గరివాళ్లు వెనక్కి పొమ్మన్నారు. తిరిగి సగం కొండ ఎక్కేసరికి బిడ్డ పాలకు నోరు తెరవడం మానేశాడు.

వారిజ తన కాగితాల్లో వెతికింది. జాకరమెట్ట పేరుకు ఎదురుగా ఆ ఏడు సున్నా ఉంది. ఆమె దేవమ్మ వైపు చూసింది. దారులు మూసిన మూడు నెలలూ తనను ఇంకో దారిలో గేటు దగ్గర జ్వరాలు చూడ్డానికి వేశారని, తిరిగొచ్చేసరికి ఈ ఇంట ఉయ్యాల కూడా విప్పేశారని దేవమ్మ తలొంచుకుని చెప్పింది.

"పుట్టినట్టే రాయలేదు డాక్టరమ్మా, ఇక పోయినట్టు ఎలా రాస్తాను?"

చిలకమ్మ చేట పక్కన పెట్టి వారిజ చేతిలోని కాగితం చూసింది. "మావాడికి పేరు పెట్టాం. బిసు. రాసుకుంటావా అమ్మా?"

ఆ కాగితంలో పేర్లకు గడి లేదు. అంచున ఉన్న ఖాళీలో వారిజ ఆ రెండక్షరాలూ రాసింది. ఎక్కడ రాసిందో చూపించమంది చిలకమ్మ. చదువు రాకపోయినా వేలు పెట్టి చూసుకుంది.

జీపు మలుపులు దిగుతోంది. ఆ ఏడు ఆ రెండిళ్లకూ ఎవరూ రాలేదన్న సంగతే వారిజ మనసులో మెదులుతోంది. చివరికి, ఆరుగురు అన్న తన అంకె నిజమో కాదో చెప్పమని మాస్టారిని అడిగింది.



"పదకొండు గూడేల్లో ఇవాళ మనం చూసింది రెండిళ్లేనమ్మా" అన్నారాయన.