మునసబుగారి కొత్తావకాయ

వానలొచ్చేలోగా కాలవగట్టు వేయించకపోతే దీనమ్మ చేను మునిగిపోతుంది. వేయించాల్సిన మునసబు గమలీయేలుగారు మాత్రం కదలరు.

"ఇవి అంత్యదినాలు దీనమ్మా. జగత్తుకు పునాది పడకముందే దేవుడు నన్ను ఏర్పరచుకున్నాడు. నేడో రేపో ప్రభువొచ్చి పైకి తీసుకుపోతాడు. నాకు గట్టెందుకు?" అన్నారాయన, పెరట్లో ఆవకాయ జాడీల మూతులకు వాసెన గుడ్డ కట్టిస్తూ.

"నిజమే అయ్యగారూ," అంటూ దీనమ్మ పెద్ద జాడీని చంకనెత్తుకుంది. "ఇది ఊరేదాకా మీరెలాగూ ఉండరు. కిందుండిపోయేవాళ్లం, మేం తింటాంలెండి."

మునసబుగారు పరుగున వచ్చి జాడీని వాటేసుకున్నారు. "దించవే, అది ఏడాదికి సరిపడా పెట్టించింది."

"అయితే గట్టూ ఏడాదికి సరిపడా వేయించండి. ప్రభువొచ్చేసరికి మీరిలా జాడీ పట్టుకుని కనబడితే ఏం బాగుంటుంది?"

తెల్లారేసరికి మునసబుగారు గట్టు మీదే ఉన్నారు, కూలీలతో, గొడుగేసుకుని.