పేరు చెప్పని ఫిర్యాదు

ఏడుగుట్టల అడవిలో ఒక విద్యాపీఠం ఉండేది. అక్కడ అన్నిటికంటే పెద్ద చదువు అడుగుజాడల శాస్త్రం. అది చెప్పేది నక్క. అందరూ ఆయన్ని ఆచార్యులవారు అనేవారు. అనకపోతే ఆయనే గుర్తుచేసేవాడు. ఆకు మీద ఆయన పంజా ముద్ర పడితేనే పట్టా, పట్టా ఉంటేనే మందకు దారి చూపే పని.

చెంగలి అనే దుప్పికి ఆ పని కావాలి. నాలుగేళ్ల కిందట ఎండల్లో నీళ్లదారి తెలియక దాని మందలో సగం పోయాయి, తల్లితో సహా. అందుకే మూడేళ్ల చదువు పట్టుబట్టి చదివింది. తీరా ముద్ర కోసం వెళ్తే, నక్క తోకతో చెంగలి మెడ నిమిరాడు.

"ముద్రదేముంది, వేస్తాను. సాయంత్రం ఒక్కదానివే నా బొరియకు రా. నీలాంటి తెలివైనదాన్ని నేనింతవరకు చూడలేదు."

చెంగలి మెడ విదిలించుకుని బయటపడింది. భయం కొంత, కోపం ఎక్కువ.

తనతోపాటు చదువుతూ ఒకే పొదలో ఉండే కుందేలు దూదికి ఈ సంగతి చెప్పింది. దూది నములుతున్న గరిక వదిలేసి, ఇటు చూడకుండానే అంది: "ఎవరితోనూ అనకే. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే."

"అయితే ముల్లునే పీకెయ్యాలి" అంది చెంగలి.

పొద్దున్నే పీఠాధిపతి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన కాడి దించుకుని అడవి చేరిన ముసలి ఎద్దు. అందరికీ పెద్దయ్య.

"పదేళ్లుగా చదువు చెబుతున్నాడమ్మా. నువ్వేమన్నా పొరబడ్డావేమో" అన్నాడు పెద్దయ్య.

"మెడ నాది పెద్దయ్యా. పొరబడలేదు."

ఎద్దు నెమరు ఆపాడు. "విచారణ సంఘంలో ఆయనా ఉన్నాడే."

"దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి కూర్చున్నారన్నమాట. ముందు ఆయన్ని దించండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టకూడదని మీ రూళ్లలో లేదూ?"

"ఉంది. ఇంతవరకు ఎవరికీ అవసరం పడలేదు."

"అవసరం పడలేదో, ధైర్యం చాలలేదో. నా పేరు చెప్పకండి, జాతి చెప్పకండి. ఏం జరిగిందో కూడా చెప్పకండి. ఫిర్యాదు వచ్చిందని ఒక్క మాట అని, ఆయన్నే మాట్లాడనివ్వండి."

పెద్దయ్యకు ఏదైనా ఆలస్యంగా అర్థమవుతుంది. అర్థమయ్యాక మాత్రం ఎవరు అదిలించినా కదలడు. సరేనన్నాడు.

మధ్యాహ్నం విచారణ జరిగే బండ దగ్గర అందరూ చేరారు. నక్క అలవాటుగా సంఘం రాయి ఎక్కబోతే ఎద్దు కొమ్ము అడ్డం పెట్టాడు. "ఇవాళ మీరు కింద."

చెంగలి వెనక వరసలో నిలబడింది. ఇది బెడిసికొడితే పట్టా పోతుంది, పట్టాతోపాటు మంద దారీ పోతుంది.

"ఆచార్యా, మీమీద ఒక ఫిర్యాదు వచ్చింది. ఏమంటారు?"

నక్క నవ్వాడు. "ఆ కుందేలు మాటేనా? పరీక్ష తప్పిన అక్కసండీ. నేను దాని చెవి కూడా ముట్టుకోలేదు."

"కుందేలని నేననలేదే."

"అయితే ఆ ఉడుత. తనంతట తనే బొరియకు వచ్చి, ఇప్పుడు నన్నంటుందా?"

"ఉడుతనీ అనలేదు. చెవని, బొరియని అసలే అనలేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని మన పెద్దలు ఊరికే అన్నారా? ఈయనగారు ఒళ్లంతా తడుముకున్నాడు.

చెంగలి పక్కకు చూసింది. దూది చెవులు రెండూ వాలిపోయి ఉన్నాయి. నిన్న అది ఇటెందుకు చూడలేదో చెంగలికి అప్పుడర్థమైంది. తన పేరు ఇంకా ఎవరికీ తెలియదు, దాచుకోవచ్చు. కానీ దూదిని అలా ఒంటరిగా నిలబెట్టి తను దాక్కోవడానికి మనసొప్పలేదు. ముందుకు నడిచింది.

"దుప్పి పేరు మర్చిపోయారు ఆచార్యా."

దూది వచ్చి పక్కన నిలబడింది. ఉడుత చెట్టు దిగింది. చదువు మధ్యలో మానేసిన ముంగిస ఒకతి గుంపు చివరినుంచి నెమ్మదిగా వచ్చింది.

"వీళ్లంతా కూడబలుక్కున్నారు" అన్నాడు నక్క.

"పేర్లు చెప్పింది మీరే కదండీ" అన్నాడు ఎద్దు.

సంఘం ఒక్కొక్కరి మాటా విడివిడిగా, తొందరపడకుండా వింది. నక్క ముద్ర రద్దు చేసి, ఆయన్ని గుట్టల అవతలికి పంపేసింది. ఆనాటినుంచి ఏ పాఠమైనా బయలులోనే, పట్టా మీద ముద్ర సంఘానిదే.

పెద్దయ్య స్వయంగా చెంగలి పట్టా ఆకు తెచ్చి ఇచ్చాడు. "రూలు రాయించి, దానిమీదే పడుకుని నెమరేశానమ్మా. తప్పు నాది కూడా."

"మీదే" అంది చెంగలి. "ఇక పడుకోకండి."

ఆ ఏడు ఎండల్లో చెంగలి వెంట మంద మొత్తం నీళ్ల దగ్గరికి చేరింది. గుట్టల అవతల నక్క మాత్రం, దారినపోయేవాళ్లు బాగున్నారా అని పలకరించినా "ఎవరు చెప్పారు?" అని ఉలిక్కిపడుతున్నాడట.

తప్పు చేసినవాడి గుట్టు వాడి నోట్లోనే ఉంటుంది. అడిగించే ధైర్యం ఒక్కరికుంటే చాలు.