గోడ దాటిన తీగ

కనకవల్లి నాగాయలంక దగ్గర ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఒక తుఫానులో ఫోన్లన్నీ మూగబోయి, ఒక బాలింతకు సాయం పిలవలేక, ఆమెను చేతుల్లోనే పోగొట్టుకుంది. ఆ తర్వాతే ఆమె రేడియోలో కబురు పంపడం నేర్చుకుంది. నేర్పినవారు బందరులో ఉండే హబీబుల్లా గారు, ఒకప్పుడు ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరు.

పరీక్ష పాసయింది, లైసెన్సు వచ్చింది. ఏరియల్ తీగ కట్టడం దగ్గరే చిక్కు వచ్చింది.

డాబా మీద గొట్టం నిలబెట్టి, దాని తల నుంచి అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు రాగితీగ దింపాలి. వీధివైపు సరిపోయింది. పెరటివైపు ఉన్నది ఐదు మీటర్లే. మిగిలినదాన్ని ప్రహరీగోడ వెంట మెలికలు తిప్పి మేకులకు చుట్టింది. విజయవాడ గొంతు కూడా దోమ రొదలా వినిపించింది.

"పుస్తకాలన్నీ తిరగేశాను మాస్టారూ. ఐదు మీటర్ల పెరట్లో పది మీటర్ల తీగ ఎలా కట్టాలి?"

ఫోన్లో అది విన్న హబీబుల్లా గారు ఆదివారం పొద్దున్నే బస్సు దిగి వచ్చారు.

మేకులకు చుట్టిన తీగంతా ఓపిగ్గా విప్పారు. ముళ్ళు పడ్డచోట వేళ్ళతో సాగదీశారు. చివర నైలాను తాడు కట్టి గోడ మీద పెట్టారు. అవతల పెరట్లో జామచెట్టు కనిపిస్తోంది. ఆయన వీధిగుమ్మం వైపు నడిచారు.

కనకవల్లికి అర్థమయింది. "అక్కడికి మాత్రం వద్దు మాస్టారూ. నీళ్ళకాలవ మీద గొడవై రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ చలమయ్య ఒప్పుకోడు."

ఆయన అప్పటికే వీధిలోకి వెళ్ళిపోయారు.

చలమయ్య పడవలు చేసే వడ్రంగి. చెక్కకు చిత్రిక పడుతున్నాడు. హబీబుల్లా గారు గేటు బయటే చెప్పులు విడిచారు.

"అయ్యా, మా తీగ పొడుగైపోయింది. మీ జామచెట్టుకు కట్టుకోనిస్తారా?"

"దాంతో ఏమొచ్చిద్ది?"

"తుఫాను నాడు కబురు పోతుంది."

చలమయ్య గోడవైపు చూశాడు. "ఆవిడ అడగదా?"

"ఆవిడకు నేర్పింది నేనే. అది నేర్పడం మర్చిపోయాను. తప్పు నాది."

గోడకు ఇవతల కనకవల్లి అంతా వింటూ నిలబడింది. 

చలమయ్య చిత్రిక పక్కన పెట్టి లేచాడు. హబీబుల్లా గారు జామకొమ్మకు వేసిన ముడి చూసి, "ఇది గాలికి జారిపోద్దండీ" అని విప్పి, తనే నిచ్చెనెక్కి పడవ ముడి వేశాడు.

ఆ సాయంత్రం కొలంబో వినిపించింది.

కార్తీకంలో తుఫాను వచ్చింది. ఆరోగ్య కేంద్రం దారి మునిగిపోయి, కాన్పు కష్టమైన ఒకామెను మంచంతో సహా కనకవల్లి ఇంటికే మోసుకొచ్చారు. కనకవల్లి రేడియోకు బ్యాటరీ తగిలించి పిలిచింది. బందరులో హబీబుల్లా గారు అందుకుని అధికారులకు చెప్పారు. మధ్యాహ్నానికల్లా అధికారులు పంపిన పడవ వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు.

రోడ్లు బాగుపడగానే కనకవల్లి లడ్డూల పొట్లంతో గురువుగారింటికి వెళ్ళింది. ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన పాదాలు వెనక్కి తీసుకున్నారు.

"మీ రుణం ఎలా తీర్చుకోను మాస్టారూ? మీరు నేర్పిన విద్యే ఆ రెండు ప్రాణాలూ నిలబెట్టింది."

"కబురు మధ్యలో ఒకసారి తెగింది. ఏమైందమ్మా?"

"జామకొమ్మ విరిగి తీగ కిందపడింది. చలమయ్య తాడును పడవ గెడకు కట్టి, పైకెత్తి పట్టుకున్నాడు. నేను పిలవనైనా లేదు. ముప్పావుగంట ఆ వానలో అలాగే నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే మీ గొంతు మళ్ళీ వినిపించింది మాస్టారూ! నా ప్రాణం లేచొచ్చింది. మీరే లేకపోతే..."

హబీబుల్లా గారు టీ కప్పు ఆమె ముందుకు జరిపారు.

"పెద్దవయసు కదమ్మా ఆయనకు. అంత తడిశాక జ్వరమేమీ రాలేదు కదా?"

కనకవల్లి కప్పు అందుకోబోయి ఆగింది.  తుఫాను పోయి అప్పటికి ఆరు రోజులు; పక్కింటికి ఆమె ఒక్కసారీ వెళ్ళలేదు.

హబీబుల్లా గారు పొట్లం విప్పి, ఒక్క లడ్డూ తీసుకుని, మళ్ళీ మడిచి ఆమె చేతిలో పెట్టారు.

"మీ ఊరికి పదకొండింటికి బస్సుంది" అన్నారు.

ఆమె టీ తాగకుండానే లేచింది.