పాలరాతి అంచు

ఏ రాజ్యమని అడక్కండి, అన్నిచోట్లా ఉన్నదే. రాజుగారి కొలువులో పాత నాపరాళ్ల పక్కన కొత్తగా పాలరాయి పరిచారు. పాలరాయి రెండు వేళ్ల ఎత్తు లేచి నిలిచింది. ముద్దాయి రాజుగారి ముఖంలోకే చూస్తూ నడిచి రావాలనీ, కాలు తడబడితే నేరం చేసినట్టేననీ మంత్రి తిప్పరుసు నియమం పెట్టాడు. వచ్చినవాళ్లంతా ఆ అంచు తగిలి బోర్లాపడ్డారు, ఉరికంబమెక్కారు. కట్టెలమ్మే గవరమ్మ మొగుడూ అలాగే పోయాడు.

ఆ అన్యాయాన్ని వీధిలో నిలబడి తిట్టినందుకు, రాజద్రోహమంటూ ఇప్పుడు గవరమ్మనే పట్టుకొచ్చారు.

"నడవవే!" అన్నాడు మంత్రి.

"నడుస్తా బాబూ. కానీ నామీద నేరం మోపింది తమరు. అబద్ధం నాదో తమదో తేలాలి కదా? ముందు తమరు నడవండి, దొరవారి ముఖం చూస్తూ."

రాజుకి ఆ మాట సబబుగానే తోచింది. "నడువు, తిప్పరుసూ."

మంత్రి గుమ్మం దగ్గర్నుంచి తలెత్తుకునే బయల్దేరాడు. అంచు దాకా వచ్చి ఆగాడు. కిందికి చూసి, కాలెత్తి వేశాడు.

"కిందికెందుకు చూశావయ్యా?" రాజు గద్దించాడు.

"అక్కడ ఎత్తుంది ప్రభూ! చూడకపోతే ఎవడైనా పడతాడు!"

"ఆ ముక్క మా ఆయన నడిచిన రోజున చెప్పలేదేం బాబూ?" అంది గవరమ్మ.

రాజు తల దించుకున్నాడు. ఆమెను నడవమని మళ్లీ ఎవరూ అనలేదు.