పుట్టుకతో వచ్చిందంటే

సుధీంద్రకి ఒళ్ళు మండిపోయింది. చెప్పాపెట్టకుండా మనవణ్ణి ఎత్తుకుని ఊరెళ్ళిపోయిన ఒక ముసలామె మీద ఆ కోపం.

ఆమె పేరు తిమ్మక్క. ఆదోని అవతల పల్లె. మనవడు ఉరుకుందుకి నాలుగేళ్ళు. మొహం ఉబ్బి, కళ్ళు తెరవలేక మా పిల్లల వార్డుకి వచ్చాడు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే దారి తప్పి మూత్రపిండాలను దెబ్బతీసే జబ్బు అది. ఒంట్లోని మాంసకృత్తులు మూత్రంలో పోతాయి, ఒళ్ళంతా నీరు పడుతుంది. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాం. వాపు కాస్త తీస్తోంది. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే పిల్లవాడి ప్రాణానికే ముప్పు. సరిగ్గా అప్పుడే తిమ్మక్క ఈ పని చేసింది.

సుధీంద్ర మా దగ్గర పై చదువు చదువుతున్న కుర్ర డాక్టరు. తెలివైనవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే. ఈ జబ్బు పిల్లల జన్యువుల మీద పరిశోధన చేస్తున్నాడు. ఉరుకుందు రక్తంలో తను వెతుకుతున్న తేడా దొరికేసరికి కాలు ఒకచోట నిలవలేదు. పరుగున పోయి తల్లి సుంకమ్మకీ, నాయనమ్మకీ కాగితం మీద బొమ్మలు గీసి మరీ చెప్పాడు. తెల్లారి చూస్తే మంచం ఖాళీ.

నేరుగా ఖుర్షీద్ మేడమ్ దగ్గరికి పోయాడు. మా వార్డుకి పెద్ద డాక్టరు ఆమె, అతనికి గురువు. ఆమె గొంతు పెంచడం మేమెవరమూ వినలేదు. దానికన్నా నాలుగు తిడితేనే నయమనిపించే రోజులూ ఉన్నాయి.

ఈ జనానికి ఎంత చెప్పినా ఇంతేనని, మూఢత్వమని అతను చాలాసేపు గొణిగాడు. మేడమ్ అంతా విన్నది.

"నువ్వు ఆమెతో ఏ మాటన్నావో ఆ మాటే చెప్పు."

"పుట్టుకతో వచ్చింది అన్నాను మేడమ్. తప్పేముంది?"

"దానికి ఆమె ఏమనింది?"

తనతో ఏమీ అనలేదు గానీ, పక్క మంచం వాళ్ళతో అంటుంటే విన్నాడట. పుట్టుకతో వచ్చింది పుడకలతోనే పోతాది, ఇంక ఈ చేదు మాత్రలు బిడ్డ నోట్లో కుక్కి ఏడిపించేది దేనికి అని. సామెత బుద్ధుల గురించి పుట్టింది. ముసలామె దాన్ని జబ్బుకి అంటగట్టింది. సగం ఇతను అంటే, మిగతా సగం ఆమె పూర్తి చేసుకుంది, అంతే.

ఆ పరిశోధనకి జబ్బు లేనివాళ్ళ రక్తం కూడా కావాలంటే వార్డులో మేమంతా ఇచ్చాం. సుధీంద్ర కూడా ఇచ్చాడు.

"నీది చూసుకున్నావా?" అని మేడమ్ అడిగింది.

చూసుకోలేదు. అక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని వెతికాడు. ఉరుకుందుకి ఎక్కడ ఏ తేడా ఉందో, అక్కడ అదే తేడా అతనికీ ఉంది.

ఇలాంటిది చాలామందిలో ఉంటుందని, ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఏ జబ్బూ రాదని మాకు చెప్పింది అతనే. అయినా ఏం లాభం? ప్యాంటు పైకి లాగి, కాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకున్నాడు. నీరు పట్టిన కాలైతే అక్కడ గుంట పడుతుంది.

"గుంట పడిందా అప్పా?" అంది మేడమ్.

అతను ప్యాంటు దింపుకుని బస్టాండుకి పోయాడు.

వాళ్ళ పల్లెలో జరిగింది తర్వాత సుంకమ్మ మాకు చెప్పింది. పిల్లవాడి మొహం అప్పటికే మళ్ళీ ఉబ్బింది. ఆమె ఏడుస్తోంది, అత్తకు ఎదురు చెప్పలేకపోతోంది. ఈసారి సుధీంద్ర బొమ్మలు గీయలేదు. నీ మనవడికి ఉన్నదే నాకూ ఉందవ్వా అన్నాడు. తిమ్మక్క నమ్మలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, కాలు చాపమని, తన వేలితో అక్కడా ఇక్కడా నొక్కింది. గడ్డం పట్టుకుని మొహం వెలుగుకి తిప్పి, కళ్ళ కింద కూడా చూసింది.

"మరి నీకెందుకు రాలే?"

"తెలీదవ్వా."

"వీనికి పోతాదా?"

"ఈ వాపు పోతుంది. మళ్ళీ రావచ్చు. వస్తే మళ్ళీ మందిస్తాం."

ముసలామె అతని గడ్డం వదిలింది.

"ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చు గద నాయనా," అని, బిడ్డను ఎత్తుకోమని కోడలికి సైగ చేసింది.

పిల్లవాడు మళ్ళీ మా వార్డుకి వచ్చాడు. మా దగ్గర పొద్దున్నే పిల్లల మూత్రం గాజు గొట్టంలో పోసి మంట మీద కాచే పద్ధతి ఉంది. జబ్బు తగ్గకపోతే అది కోడిగుడ్డు తెల్లసొనలా తెల్లగా గడ్డకడుతుంది. ఉరుకుందుది రోజూ సుధీంద్రే కాచేవాడు. రోజూ గడ్డకట్టేది. తిమ్మక్క పక్కనే నిలబడి చూసి, పోయి బిడ్డకు మాత్ర వేసేది.

ఒక పొద్దున గొట్టం మంట మీద పెట్టి, అతను మేడమ్‌ని అడిగాడు.

"మీది మీరు చూసుకున్నారా మేడమ్?"

"లేదు."

"ఎందుకు?"

"ముందు నీ చేతిలోది చూడప్పా."

చూశాడు. నీళ్ళలాగే మరుగుతోంది. తిమ్మక్క అతని భుజం గట్టిగా పట్టుకుంది.