గింజ కత్తిదన్న గుంపస్వామి

...చెయ్యి తెగుతుందని లాక్కుంటే నేనేమీ అనను. ఆడపిల్ల గుమ్మడికాయకి కత్తి పెట్టకూడదని లాక్కున్నాడు చూడు, అక్కడ మండింది నాకు!

ఆఁ, వచ్చావా చిన్నీ? నీ గురించే మీ అమ్మతో అంటున్నా. కాళ్ళు కడుక్కున్నావా? ఆ తడి కాళ్ళు నా దుప్పటికి తుడవకు. రా, ఇలా గోడవైపు పడుకో. మూతి ముడుచుకోకు. పొద్దున మీ బాబాయి నీ చేతిలో కత్తి లాక్కున్నాడు కదా, అందులో నీ తప్పేం లేదు. ఎందుకు లేదో చెప్తా, విను. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే ఆపేస్తా.

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం పక్కన, ఇసక నేల ఊళ్ళో, అందరూ ఆడవాళ్ళే. మగాళ్ళేరీ అంటావా? ఇటుక బట్టీలకి పోయేవారు. పంట ఇంటికి రాగానే మూట కట్టుకుని పోతే, మళ్ళీ వానలు పడ్డాకే రావడం. అప్పటిదాకా ఊళ్ళో ఆడవాళ్ళూ, పిల్లలూ, మంచం దిగలేని ముసలాళ్ళూ.

ఇంకొకడు కూడా ఉండేవాడు. వాడి పేరు గుంపస్వామి. దిట్టంగా ఉండేవాడు, దుక్కిటెద్దులా. కానీ బట్టీకి బండి కదిలే రోజున వాడికి నడుం పట్టేసేది. అబ్బా, అమ్మా అని మూలుగుతూ పడుకునేవాడు. బండి ఊరు దాటగానే నడుం వదిలేసేది! అలాంటి నడుం.

ఆ ఊళ్ళో ఇసక నేలకి గుమ్మడి బాగా కాసేది. ప్రతి పూరింటి మీదా గుమ్మడి పాదే. కానీ ఆడవాళ్ళు గుమ్మడికాయకి మొదటి గాటు పెట్టకూడదని, పెడితే అరిష్టమని ఒక కట్టుబాటు. మగాడొచ్చి గాటు పెట్టాలి. ఆ తర్వాత ముక్కలు తరిగేదీ, పులుసు పెట్టేదీ, గిన్నెలు తోమేదీ అన్నీ ఆడవాళ్ళే. దానికి మాత్రం ఏ కట్టుబాటూ అడ్డం లేదు! చూశావా?

మరి ఊళ్ళో మగాడంటే గుంపస్వామి ఒక్కడే. అందుకని అందరూ వాణ్ణే పిలిచేవారు. వాడు కత్తి చంకలో పెట్టుకుని, భుజాన తుండుగుడ్డ వేసుకుని, దొరలా వచ్చేవాడు. కాయకి ఒక్క గాటు పెట్టి రెండు చెక్కలు చేసేవాడు. అప్పుడు లోపలి గింజలన్నీ చేత్తో ఊడదీసి, తుండులో మూట కట్టుకునేవాడు.

ఎవరైనా అడిగితే ఏమనేవాడంటే, "కాయ మీది, గింజ కత్తిది. పెద్దలు పెట్టిన మాట" అనేవాడు.

ఏ పెద్దలు? ఎప్పుడు పెట్టారు? ఒక్కరూ అడగలేదు. పైగా కొన్నాళ్ళకి ఆ ఆడవాళ్ళే నూతి దగ్గర చెప్పుకునేవారు, "అవునమ్మా, మా అమ్మ కూడా అనేది, గింజ కత్తిదని". వాళ్ళమ్మ ఎప్పుడూ అనలేదు! వాడు నాలుగుసార్లు అన్నాడు, వీళ్ళకి పాతమాటై కూర్చుంది. నాకు దానికే ఒళ్ళు మండుతుంది.

ఆ గింజలు వాడేం చేసేవాడో తెలుసా? వేయించుకుని, వీధరుగు మీద కూర్చుని, దారిన పోయే పిల్లల ముందు ఒక్కొక్కటే కొరికి, పప్పు మింగి, పొట్టు వీధిలోకి ఉమ్మేవాడు. పిల్లలు గుటకలు మింగుతూ చూసేవారు.

ఆ ఊళ్ళోనే సన్నాసమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ముత్యాలు, నీకంటే ఒక జానెడు పొడుగు. చిన్నది బుల్లి. సన్నాసమ్మ పగలంతా జీడిపిక్కలు కొట్టే షెడ్డుకి పనికి పోయేది. జీడి జిడ్డుకి వేళ్ళన్నీ నల్లగా కాలిపోయి ఉండేవి పాపం.

ఆ ఏడు బుల్లికి తట్టు పోసింది. తట్టు తగ్గింది కానీ పిల్ల లేవలేకపోయింది. నిలబెడితే కాళ్ళు వణికేవి. అన్నం పెడితే రెండు ముద్దలు తిని తల తిప్పేసేది.

అప్పుడు పక్కింటి కోటమ్మ మామ్మ చూసి చెప్పింది. "ఓలమ్మా సన్నాసీ, పిల్లకి సత్తువ లేదు. గుమ్మడి గింజలు దోరగా వేయించి రోజూ గుప్పెడు నమలనీ. మా పిల్లల్నందర్నీ నేనలాగే లేపేను" అంది.

సన్నాసమ్మ ఇంటి మీద ఆ ఏడు మూడే కాయలు కాశాయి. మూడూ బాగా ముదిరాయి.

మొదటి కాయ దింపారు. గుంపస్వామి వచ్చాడు. గాటు పెట్టాడు. తుండు పరిచాడు. గింజలు ఊడ్చేశాడు.

"మావయ్యా, చెల్లికి గింజలు కావాలి" అంది ముత్యాలు.

"కాయ మీది, గింజ కత్తిది" అని వెళ్ళిపోయాడు. సన్నాసమ్మ చెక్కలు లోపలికి తీసుకుపోయింది. ఏమైనా అంటే రేపు రెండో కాయకి ఎవరొస్తారు అని ఆవిడ భయం.

ఆ తర్వాత రెండో కాయ దింపారు. ఈసారి సన్నాసమ్మే బతిమాలింది. "అన్నయ్యా, పిల్లకి బాగులేదు. నీ కత్తికి దండం పెడతాను, ఒక్క గుప్పెడు వదిలెయ్యి" అంది.

వాడు మీసం దువ్వి, "అలా ఏడవకే. పచ్చివి మీకేటి తెలుస్తాయి? నేనే వేయించి పంపుతాలే" అన్నాడు.

సాయంత్రం నిజంగానే పంపాడు! బాదం ఆకులో పొట్లం కట్టి పంపాడు. బుల్లి సంబరంగా పొట్లం ఒళ్ళో పెట్టుకుని విప్పింది. ఒక గింజ తీసి కొరికింది. ఇంకోటి తీసింది. ఇంకోటి తీసింది.

"అక్కా, దీంట్లో లేదు. దీంట్లోనూ లేదు. ఎలకలు తినేశాయేమో" అంది.

అన్నీ పొట్టే చిన్నీ. వాడు కొరికి, పప్పు తిని, ఉమ్మిన పొట్టు. జబ్బు పిల్లకి పంపాడు! ఆ పిల్ల ఒక్కొక్కటీ విప్పి చూసింది, ఎక్కడైనా ఒక్క పప్పు మిగిలిందేమోనని. నాకిప్పుడు చెప్తుంటే కూడా పళ్ళు పటపటమంటున్నాయి.

ముత్యాలు పొట్లం తీసుకెళ్ళి వాడి అరుగు మీద పెట్టి, "ఇదేంటి మావయ్యా?" అని అడిగింది. వాడు కిలకిలా నవ్వాడు. "పొట్టులోనూ బలముంటాదే గుంటా, నమలమను" అన్నాడు.

ముత్యాలు ఏడవలేదు. ఇంటికొచ్చింది. ఇంటి కప్పు మీద మూడో కాయ వైపు చూసింది.

మర్నాడు పొద్దున్నే సన్నాసమ్మ జీడి షెడ్డుకి పోతూ, "వచ్చేటప్పుడు మీ మావయ్యని తీసుకొస్తాను, ఆ కాయ కూడా కోయించేద్దాం, పులుసుకైనా వస్తుంది" అంది. అని వెళ్ళిపోయింది.

అప్పుడు ముత్యాలు నిచ్చెన వేసింది. పైకెక్కి, కాయకి తాడు కట్టి మెల్లగా దింపింది. కింద పెట్టి, కత్తి తెచ్చి, కాయ మీద ఆనించింది. మళ్ళీ వెనక్కి తీసింది, మళ్ళీ ఆనించింది. మరి చిన్నప్పట్నుంచీ అరిష్టం, అరిష్టం అని వింటే భయం వెయ్యదూ?

ఆ తర్వాత కళ్ళు మూసుకుని నొక్కింది. కర్రుమంది. కాయ రెండు చెక్కలయింది. ఆకాశం కూడా చీలిందేమోనని ముత్యాలు పైకి చూసింది. ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది. గోడ మీద కాకి అరిచింది. అది రోజూ అరుస్తుంది.

ఇప్పుడు చూడు, ఎలా చేసిందో. గుజ్జులోంచి గింజలు ఊడదీసింది. గిన్నెలో నీళ్ళు పోసి, జిగురు పోయేదాకా పిసికి పిసికి కడిగింది. తాలు గింజలు పైకి తేలితే పారబోసింది. మిగిలినవాటికి ఉప్పునీళ్ళు పట్టించి, చేటలో పరిచి ఎండలో పెట్టింది. ఇసక నేల ఎండ కదా, మధ్యాహ్నం తిరిగేసరికి గింజలు గలగలమన్నాయి. తడి గింజ వేయిస్తే లోపల పప్పు మెత్తబడిపోతుంది, గుర్తుపెట్టుకో.

అప్పుడు మట్టి మూకుడు పొయ్యి మీద పెట్టింది. మంట పెద్దది కాదు. సన్న సెగ. నూనె చుక్క కూడా వెయ్యలేదు. గింజలు పోసి గరిటెతో తిప్పుతూనే ఉంది, తిప్పుతూనే ఉంది. చిట్ అంది ఒకటి. చిటచిట అన్నాయి పది. ఆ తర్వాత పొంగి, దోరగా రంగు తిరిగి, కమ్మటి వాసన వీధి చివరిదాకా పోయింది. ఆ రంగు ప్యాకెట్లు కొనిపెట్టమని ఏడుస్తావు కదా నువ్వు, వాటికి ఆ వాసన ఉంటుందా అసలు?

ముత్యాలు గింజలు చేటలో పోసి ఆరబెట్టింది. "కాలుతున్నాయి, కాస్త ఆగు" అంది బుల్లితో. బుల్లి గోడకి ఆనుకుని రెండు చేతులూ చాచి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే సన్నాసమ్మ వచ్చింది. వెనకాల గుంపస్వామి, చంకలో కత్తి, భుజాన తుండు.

వాడు రెండు చెక్కల్నీ చూశాడు. చేటనీ చూశాడు. మొహం కందగడ్డయింది.

"ఏటే గుంటా! ఈ కాయకి గాటెట్టిందెవరు?" అని గట్టిగా అరిచాడు. ఆ అరుపుకి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చేశారు. కోటమ్మ మామ్మ కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఆడది గాటు పెడితే ఏటవుతాదో తెలుసా? ఇల్లు కాలిపోతాది! పాదు మాడిపోతాది! గింజ చేదు విషమైపోతాది!" అని వీధంతా వినిపించేలా చెప్పాడు. ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

సన్నాసమ్మ కూతుర్ని చూసింది, వీధిని చూసింది. గబగబా ఒక అబద్ధం ఆడేసింది.

"లేదన్నయ్యా, ఎవరూ కొయ్యలేదు. పైనించి జారి పడి పగిలింది" అంది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. గుంపస్వామి కూడా చల్లబడ్డాడు. "పడిందా? పడితే దోషం లేదు. కానీ పడినా గింజ కత్తిదే" అంటూ తుండు పరిచి, చేట మీద చెయ్యి వేశాడు.

చూశావా చిన్నీ, ఎంత చిక్కో. ముత్యాలు ఊరుకుంటే అరిష్టం లేదు, గొడవ లేదు, తిట్లు లేవు. కానీ గింజలు వాడి తుండులోకి పోతాయి. బుల్లి చేతులు అలా చాచి ఉన్నవి చాచినట్టే ఉంటాయి.

అప్పుడు ముత్యాలు చేట రెండో వైపు పట్టుకుంది. వదల్లేదు. పట్టుకుని, వాడి మొహంలోకి చూసి, ఒక మాట అంది.

ఏమందా? ఆగు. ఆ మాట చివర్న చెప్తా. అది తల కింద పెట్టుకుని పడుకోవాల్సిన మాట.

ఆ మాటకి సన్నాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుంపస్వామి చేట వదిలి, "అయితే చేదే! విషమే! ఎవరూ ముట్టకండి, పారబోయండి!" అన్నాడు.

కోటమ్మ మామ్మ ముందుకొచ్చింది. "నేను తిని చూస్తాను. విషమైతే నాకేటి, ఎలాగూ పోయే దాన్నే" అని ఒక గింజ తీసింది. ఉన్న నాలుగు పళ్ళతో కొరికింది. పొట్టు తీసి, పచ్చటి పప్పు నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. అందరూ ఆవిడ నోటి వైపే చూస్తున్నారు.

"ఉప్పు చాల్లేదే ముత్తేలూ" అంది మామ్మ.

ఫక్కుమని నవ్వింది వీధంతా. ఒకావిడ చెయ్యి చాచింది. ఇంకొకావిడ చాచింది. ముత్యాలు ముందు బుల్లికి రెండు గుప్పిళ్ళు నిండా పోసి, అప్పుడు వాళ్ళకి తలా నాలుగు గింజలు పెట్టింది. గుంపస్వామి తుండు దులుపుకుని, "చూస్తారు, చూస్తారు" అంటూ పోయాడు.

చూశారు. ఇల్లు కాలలేదు. పాదు మాడలేదు, ఇంకో రెండు పిందెలు కూడా వేసింది. గింజలు తిన్న రోజే బుల్లి లేచి పరిగెత్తిందని చెప్తే అబద్ధం. కానీ రోజూ గుప్పెడు నమిలింది. ఆ తర్వాత అన్నం అడిగి తినడం మొదలెట్టింది. ముందు గోడ పట్టుకుని నడిచింది, తర్వాత అక్క చెయ్యి పట్టుకుని నడిచింది, ఆ తర్వాత ఏదీ పట్టుకోకుండా నడిచింది.

మరి ఆ ఊళ్ళో మిగతా ఇళ్ళ సంగతా? ఆ వారం ఏ ఇంట చూసినా కర్రు, కర్రుమని కాయలు కోసిన చప్పుడే. ఆ వెనకే చిటచిట. గుంపస్వామిని కత్తి తెమ్మని పిలిచినవాళ్ళు లేరు. పొట్టు కూడా పంపలేదు వాడికి ఎవరూ. నేనైతే పంపేదాన్ని!

ఇక కళ్ళు మూసుకో. మూసుకున్నావా? చెప్పు నాతో:

పొట్టేమో పెంటకి, పప్పేమో పంటికి,
కథేమో కంచికి, కునుకేమో కంటికి.

ఆఁ, ఆ మాట. మర్చిపోలేదులే. చేట పట్టుకుని, వాడి మొహంలోకి చూసి, ముత్యాలు ఏమందో, ఉన్నదున్నట్టు చెప్తున్నా, విను:

"కాయ పడలేదు మావయ్యా. నేనే కోశాను. గింజలు మా చెల్లివి."