ముక్కు లేని మబ్బు

వెన్నెలగిరి రాజు వీరకంపరాయలకు ఓ పొద్దున కోపం వచ్చింది. ఎవరి మీదో కాదు, ఒక అక్షరం మీద. 'ఊ' మీద!

ఆయన ఐదేళ్ల కూతురు కనకవల్లి అక్షరాలు నేర్చుకుంటూ 'ఉ' దాకా పలికింది. 'ఊ' దగ్గర నోరు కుట్టేసుకుంది. నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. అంతకుముందు "చందమామ మన వెంటే ఎందుకొస్తాడు? సీతాకోకచిలక్కి రంగులెవరద్దారు?" అంటూ, కథలు చెప్పమంటూ కోటంతా గలగలలాడించిన పిల్ల!

"ఈ పూట మా అమ్మాయి చేత 'ఊ' అనిపించినవాళ్లకు నా మెళ్లో ముత్యాలహారం!" అన్నాడు రాజు నిండుకొలువులో.

రాకుమారి గురువు విశ్వపతిశాస్త్రి నశ్యం డబ్బీ మూత టక్కున మూశాడు.

"ఆ కథల పిచ్చి వదిలితే గానీ చదువంటదు ప్రభూ! కథంటే అబద్ధం. బుద్ధున్నవాడెవడూ వినడు."

రాజుకు తాంబూలం అందించే చెన్నప్పకు మనసు చివుక్కుమంది. ఆ పిల్ల కళ్లలో ఎగిరే మిణుగురులంటే అతనికి ప్రాణం. అవి ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి మరి.

"ఒక్క కథతో నేననిపిస్తాను ప్రభూ."

"అనకపోతే?" శాస్త్రి కళ్లెగరేశాడు.

"కొలువొదిలి పోతాను. ఈ కోటలో ఇక కథన్న మాటే వినపడదు. పాప 'ఊ' అంటే మాత్రం తమరు నా మాట వినాలి."

"ఓస్, అంతేనా!"

కొలువులోనే ఓ మూల తలొంచుకు కూర్చున్న కనకవల్లి పక్కన చెన్నప్ప నేల మీదే చతికిలబడ్డాడు.

"అనగనగా ఒక మబ్బు. దానికి జలుబు చేసింది."

పిల్ల తలెత్తలేదు.

"మబ్బుకు ముక్కెక్కడిదయ్యా?" శాస్త్రి వెక్కిరించాడు.

"అదే కదా స్వామీ దాని గోల! తుమ్మితే గానీ వాన కురవదు, తుమ్ముదామంటే ముక్కు లేదు. పాపం, అరువడగడానికి బయల్దేరింది."

పిల్ల తల మెల్లగా లేచింది.

"ఏనుగునడిగింది. 'నాకు ముక్కూ చెయ్యీ ఒకటే, ఇచ్చేస్తే అన్నమెలా తినను?' అంది ఏనుగు."

"ఊ," అంది కనకవల్లి, పెదవులు కదిలీ కదలకుండా.

రాజు సింహాసనం మీంచి లేవబోయాడు.

"చెల్లదు!" శాస్త్రి అడ్డుపడ్డాడు. "అది కథకు కొట్టిన ఊ. ఉత్త చప్పుడు. అక్షరం కాదు!"

చెన్నప్ప తొణకలేదు.

"చిలకనడిగింది. 'ముక్కిస్తే జామపండెలా కొరకను?' అంది చిలక. మబ్బు ఏడుస్తూ మన కోట మీదికొచ్చింది. కిటికీలోంచి తొంగిచూసింది. కొలువులో ఓ పెద్దమనిషి… అబ్బ, ఏం ముక్కది! కోటేరేసినట్టుంది! మబ్బు పిల్లిలా ఆయన వెనక్కి చేరి…"

అక్కడితో ఆపేసి, తమలపాకు తొడిమలు గిల్లుతూ కూర్చున్నాడు.

శాస్త్రి చెయ్యి తనకు తెలీకుండానే ముక్కు మీదికి పోయింది. ఓసారి వెనక్కి చూసుకున్నాడు. కంగారులో ఇంత నశ్యం ఎగబీల్చాడు.

"ఊ… చేరి?"

చెన్నప్ప వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"స్వామీ, తమరిప్పుడన్నది అక్షరమా, ఉత్త చప్పుడా?"

శాస్త్రి నోరు తెరిచాడు. మాట రాలేదు, తుమ్మొచ్చింది. "హాఛ్!"

కనకవల్లి ఎగిరి గంతేసింది. "నాన్నగారూ! మబ్బుకు ముక్కు దొరికింది! ఇక వానొస్తుంది!"

కొలువు కొలువంతా విరగబడి నవ్వింది. రాజు కళ్లు తుడుచుకుంటూ ముత్యాలహారం తీసి చెన్నప్ప మెడలో వేశాడు.

"గురువుగారితో నీ పందెం సంగతేమిటోయ్?"

"పొద్దున అక్షరాలు స్వామివారే చెప్పాలి ప్రభూ. సాయంత్రం కథ నేను చెబుతాను. ఊ కొట్టడానికి పాప పక్కన స్వామివారూ కూర్చోవాలి. అంతేనా స్వామీ?"

శాస్త్రి ఉత్తరీయంతో ముక్కు తుడుచుకున్నాడు.

"ఊ."